ఈ మోకాలు ఎవరిదప్పా?

కేరాఫ్ ఆర్మీ పోస్టాఫీసు,
మంచుకొండల నుంచి

గౌరవనీయులైన యోబు తాతకు,

నీ మనమడు సుందరరాజు వందనాలు. నేను క్షేమం అని రాయాలనే ఉంది గానీ నా ఎడమ మోకాలు ఒప్పుకోవడం లేదు.

పోయిన నెల వీపున బరువు మూటతో కొండ దిగుతాంటే కాలు జారి మోకాలు మెలిక పడింది. మా డాక్టరు మేజర్ సాబ్ చూసి, లోపల నరం తెగింది, ఆపరేషన్ చేయాల అన్నాడు. ఆపరేషన్ అయితే ఆర్నెల్లు పరుగు లేదు. పరుగు లేకపోతే కమాండో కోర్సు లేదు. ఆ కోర్సు కోసమే కదా తాతా ఇన్నాళ్లూ ఈ చలిలో పరుగెత్తింది! ఈ ఏడు పోకపోతే వయసు దాటిపోతది. ఇంక స్టోర్లో దుప్పట్లు మడతపెట్టుకుంటా కూచోవాల్సిందే.

నాకేమో వాపు తగ్గుతాంది, మెల్లగా మెట్లెక్కి కాపలా డ్యూటీ కూడా చేస్తాండా. ఇంకో డాక్టరు చూస్తే బాగుండు అనిపిస్తాంది. అడిగితే పెద్ద మిలిటరీ ఆస్పత్రికి పంపుతారంట, రూలు ఉంది. కానీ మేజర్ సాబ్ మొహం మీద ఎట్ల అడిగేది? ఆయన ముందర నిలబడితే నా నోట్లో 'ఎస్ సార్' తప్ప వేరే మాట పుట్టదు. చెప్పకుండా బయటి డాక్టరు దగ్గరికి పోతే అది ఇంకా తప్పు.

అందుకని నువ్వు ఒకసారి నంద్యాలకు పోయి ఎముకల డాక్టరును ఊరికే అడుగు: ఇట్లాంటిదానికి కోయాల్నా, కోయకుండా తగ్గుతదా అని. స్కాన్ ఫిల్ముకు జిరాక్స్ తీసి ఇందులో పెట్టినా.

ఇట్లు,
సుందరరాజు

తా.క.: అవ్వకు చెప్పొద్దు. ఆమె ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతది. నా మోకాలి కోసం వీధి వీధంతా ఉపవాస ప్రార్థనకు కూచుంటారు. అందుకే జాబు రాసింది.

*

ఆళ్లగడ్డ

ఒరేయ్ నా కాళ్ల వారసుడా,

యోబు తాత దీవెనలు. ఈడ అందరం బాగుండాం. మీ అవ్వ జీవమ్మ ఇంకా బాగుండాది, నన్ను తిట్టేటప్పుడు ఆయాసం కూడా రావడం లేదు.

నీ జాబు అందింది. అహోబిలంలో ఏదో రాతిపని ఉంది, విగ్రహాల షెడ్డు సేటు పిలిచినాడు అని మీ అవ్వకు చెప్పి నంద్యాల బస్సెక్కినా. ఆయమ్మ మారుమాట్లాడకుండా టవలు, నీళ్ల బాటిలు, ఆధార్ కార్డు సంచిలో పెట్టిచ్చింది. ఏందీ ఈ ప్రేమ అనుకున్నా.

ఆస్పత్రిలో చీటీలు రాసే పిల్ల "పేషంటు యాడ?" అనింది.

"కాశ్మీరం పక్క."

"పేషంటు లేకుండా డాక్టరు చూడడు తాతా."

"వాడు తుపాకి పట్టుకోని బార్డరు కాస్తాండాడు. వాడు ఈడికొస్తే ఆడ నువ్వు కాస్తావా?"

నవ్వింది. సరే, నేనే పేషంటు, రాసుకో అంటి: సుందరరాజు, ఇరవయ్యారేండ్లు. ఆ పిల్ల నా బోసినోరు చూసింది, చేతికట్టె చూసింది. (కట్టె కుక్కలకురా, కాలికి కాదు.) ఏమీ అడక్కుండా ఇరవయ్యారు అనే రాసింది. నంద్యాల పిల్లలకు పెద్దలంటే శానా మర్యాద.

డాక్టరు నీ జిరాక్సును ఎలుతురుకు పట్టి "ఇదేంది, అమావాస్య ఫొటోనా?" అన్యాడు. అంతా నలుపే. ఇంగ ఒట్టి చేతుల్తో ఎట్ల తిరిగొచ్చేది? అప్పుడు మన షెడ్డు పని గుర్తొచ్చింది. మా మేస్త్రి విగ్రహాల మొగాలు చెక్కుకోని, మోకాళ్లు నాకు ఇడిసేటోడు గదా. వాకిలికి రెండు పక్కలా నిలబెట్టే జత విగ్రహాలు చేసేటప్పుడు, ఒకటి ముందర పెట్టుకోని రెండోది చెక్కుతాం. ఒకదాన్ని కొలిస్తే రెండోదాన్ని కొలిచినట్లే. నువ్వు పుట్టినరోజే మంత్రసాని "యోబు కాళ్లే ఊడిపడినాయి" అనింది. ఇంగ డౌటేముంది? నీది ఎడమ కాలు గదా, పంచ లాగి నా ఎడమ కాలు చూపించినా.

డాక్టరు ఒత్తినాడు, ఒంచినాడు. కిర్రుమనింది. ఎక్స్‌రే తీయించి తల పట్టుకున్యాడు. "సుందరరాజు గారూ, మోకాలు పూర్తిగా అరిగిపోయింది. మార్చాల్సిందే. కింద కూచోవద్దు, మెట్లెక్కొద్దు, మనవళ్లను ఎత్తుకోవద్దు" అని రాసిచ్చినాడు.

చూసినావా? మీ డాక్టరు కోస్తానన్యాడు, ఈయన ఏకంగా మారుస్తానంటాండాడు. ఇద్దరిలో మీవాడే నయం.

దీవించే తాత,
యోబు

తా.క.: ఆ రిపోర్టు, ఎక్స్‌రే నీకు పంపితే నువ్వు పెట్టెలో దాచుకుంటావు. అందుకే రిజిస్టరు పోస్టులో నేరుగా మీ పెద్దాఫీసరుకే పంపినా. మెచ్చుకోళ్లు వద్దులే, మనలో మనకేముంది.

*

కేరాఫ్ ఆర్మీ పోస్టాఫీసు

తాతా,

ప్రస్తుతానికి ఒక్క వందనమే. మిగతావి నీ జవాబు చూసినంక.

ఎంత పని చేసినావు! కర్నల్ సాబ్ పిలిచినాడు. బల్ల మీద నీ రిజిస్టరు కవరు. పక్కన మేజర్ సాబ్, వెనక సుబేదార్ సాబ్.

"ఆ మంగళవారం నువ్వు ఎక్కడున్నావు?"

"వాచ్‌టవర్ మీద, డ్యూటీలో సార్."

"ఈ కాగితం ప్రకారం నంద్యాలలో ఉన్నావు."

"లేదు సార్."

"మరి అక్కడున్నది ఎవరు?"

"మా తాత సార్."

"సుందరరాజు, వయసు ఇరవయ్యారు అని ఉందే?"

"ఎస్ సార్."

చెప్పినా గదా, నాకు వేరే మాట పుట్టదని.

మేజర్ సాబ్ ఎక్స్‌రే కిటికీకి పట్టి చాలాసేపు చూసినాడు. "ఈ మోకాలితో నువ్వు వాచ్‌టవర్ ఎక్కినావా?" అన్నాడు. మనవళ్లను ఎత్తుకోవద్దు అన్నది చదివి సుబేదార్ సాబ్, "నీకు పెళ్లెప్పుడైంది?" అని అడిగినాడు. ఇప్పుడు బ్యారక్‌లో అందరూ నన్ను దాదాజీ అంటాండారు. నిన్న ఒకడు నాకు కట్టె కూడా తెచ్చిచ్చినాడు.

నవ్వులాట కాదు తాతా. దొంగ రిపోర్టు తెప్పించినాడని నా మీద రాస్తే కోర్సు మాట దేవుడెరుగు, భుజం మీది పట్టీ కూడా పీకేస్తారు. సంగతి తేలేదాకా లిస్టులో నా పేరు ఆపినారు. జరిగింది జరిగినట్టు కర్నల్ సాబ్‌కు ఒక ఉత్తరం రాయి. నిజం మాత్రమే. తమాషాలు వద్దు.

నీ అభాగ్య మనమడు,
సుందరరాజు

తా.క.: నీ ఎడమ కాలు నిజంగానే కిర్రుమంటదా?

*

ఆళ్లగడ్డ

మహారాజశ్రీ కర్నలు దొరగారికి,

ఆళ్లగడ్డ యోబు సలాము. నాకు మీ హిందీ రాదు, మీకు నా తెలుగు రాదు. వాడే సదివి చెప్తాడు. సుందూ, నిలబడి సదువు, ఒక్క ముక్క కూడా మింగొద్దు.

అయ్యా, ఆ కాలు నాది. పేరు వాడిది. తప్పు నాది. మావాడు దొంగ కాదు, భయస్తుడు. మీరు కొండెక్కమంటే ఎక్కుతాడు, డాక్టరును ఒక మాట అడగాలంటే వణుకుతాడు. చిన్నప్పుడు సూదేసే నర్సమ్మ వీధిలోకొస్తే మా జీవమ్మ చీర కుచ్చిళ్లలో దూరేటోడు. ఒకసారి అట్లనే దూరి, ఆయమ్మతో పాటే చర్చికి కూడా పోయొచ్చినాడు.

మేజరు దొరగారి మీద మాకు అపనమ్మకం లేదు. మా షెడ్డులో విగ్రహం కళ్లు చెక్కేముందు ఇంకో మేస్త్రిని పిలిచి చూపిస్తాం. ఉలి పడినాక రాయి మళ్లా అతకదు గదా. మొదటి మేస్త్రి దాన్ని అవమానం అనుకోడు, ఆయనే టీ తెప్పిస్తాడు. వాడు అడగలేడు గాబట్టి నేనడుగుతాండా: మీ పెద్దాస్పత్రిలో ఇంకో డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆయన కూడా కోయమంటే కోయండి. వాడు కదలకుండా నేనే వచ్చి పట్టుకుంటా.

తమ విధేయుడు,
యోబు, మోకాళ్ల మేస్త్రి

తా.క.: సుందూ, నర్సమ్మ సంగతి ఎగరగొట్టినావో, దొరకు తెలిసిపోతాది. ఆయన నవ్వకుంటే నువ్వు సదవనట్టే.

*

కేరాఫ్ ఆర్మీ పోస్టాఫీసు

ఇరవయ్యారేళ్ల యోబు గారికి,

చదివినా. నిలబడే చదివినా. నర్సమ్మ దగ్గరికి వచ్చేసరికి కర్నల్ సాబ్ బల్ల మీద తల పెట్టేసుకున్నాడు. మేజర్ సాబ్ మాత్రం నవ్వలేదు. "నన్ను అడిగుంటే నేనే రాసిచ్చేవాణ్ని కదయ్యా! అడగడానికి ఆళ్లగడ్డ నుంచి ముసలాయన జాబు రావాల్నా?" అన్నాడు. అప్పుడే కాగితం రాసిచ్చినాడు. టీ కూడా తెప్పించినాడు.

పెద్దాస్పత్రి డాక్టరు మళ్లీ చూసినాడు. నరం పూర్తిగా తెగలేదంట, కొంచెం చినిగిందంట. కోయక్కర్లేదు, రోజూ కసరత్తు చేస్తే సరిపోతది అన్నాడు. ఈ బ్యాచ్ పోయింది గానీ, ఈ ఏడే ఉన్న ఇంకో బ్యాచ్‌లో నా పేరు ఎక్కించినారు తాతా!

ఇంక నీ సంగతి. నీ ఎక్స్‌రే కూడా ఆ డాక్టరుకు చూపించినా. "ఇది ఎవరి కాలైనా సరే, వెంటనే ఆపరేషన్ చేయించు" అన్నాడు. మేజర్ సాబ్‌దీ అదే మాట, నంద్యాల డాక్టరుదీ అదే మాట. అవ్వదీ అదే మాట.

అవును, అవ్వకు అంతా తెలుసు. నువ్వు చర్చిలో మోకరించడం మానేసి వెనక కుర్చీలో కూచుంటాండావని, మంచం మీంచి లేచేటప్పుడు ఉలినీ రాళ్లనీ తిడతాండావని ఆమే నాకు చెప్పింది. "ఆయన కాలికి పొమ్మంటే కదలడు. నీ కాలికైతే పరుగెత్తుతాడు. జాబు రాయి" అనింది. నా దెబ్బ నిజమే, నంద్యాల మాత్రం అవ్వ ఆలోచన. చీటీలు రాసే పిల్ల లూదియా మన చర్చి పిల్లే. డాక్టరుకు అన్నీ ముందే చెప్పి పెట్టింది. నువ్వు కర్నల్ సాబ్‌కు రిజిస్టరు పోస్టు చేస్తావని మాత్రం అవ్వ కూడా అనుకోలేదు.

సెలవిచ్చినారు, వస్తాండా. ఆపరేషన్‌కు లూదియా తారీకు కూడా తీసుకునింది. ఈసారి నీ పేరు, నీ వయసు.

ప్రేమతో,
సుందరరాజు

తా.క.: 'అవ్వకు చెప్పొద్దు' అని రాయమన్నది కూడా అవ్వే.

*

ఆళ్లగడ్డ

రేయ్ దాదాజీ,

దీవెనలు. రాతిపనికి పోయేటోనికి ఆధార్ కార్డు ఎందుకురా? మీ అవ్వ దాన్ని సంచిలో పెట్టినప్పుడే నాకు అనుమానం. లూదియాను చూసినాక ఖాయం. ఆ పిల్ల బాప్తిస్మం రోజు అన్నం వడ్డించింది నేనే. అది నన్ను ఎరగనట్టుండె, నేనూ దాన్ని ఎరగనట్టుంటి.

బతుకంతా మోకాళ్లు చెక్కినోన్ని, ఏ కాలు ఎవరిదో తెలీదా నాకు? నీకు నోరు లేదని నీ జాబులోనే ఉండాది. అందుకే నోరున్న నీ ఆఫీసరు నిన్ను పిలిచి అడిగేటట్టు చేసినా. కాకపోతే ఉలి కొంచెం లోతుగా దిగింది. నీ పేరు ఆపుతారని అనుకోలేదురా. ఆ జాబు వచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు. ఇది మాత్రం మీ అవ్వకు నిజంగా చెప్పొద్దు.

బేగా రా. యూనిఫాం ఏసుకోనే రా. ఆపరేషన్ రోజు నా పక్కన నిలబడు. నర్సమ్మ సూది తెస్తే నేను మాత్రం యాడ దూరేది?

నీ తాత,
యోబు

తా.క.: లూదియాకు ఫోన్ చేసి డాక్టరుతో ఒక మాట చెప్పమను. నీది ఎడమ కాలు గదా అని ఆ పొద్దు నేనూ ఎడమదే చూపిస్తి. అది నా మంచి కాలు.