ఫ్రిజ్‌కు రాత్రిపూట విశ్రాంతి

విశాఖపట్నం
1983 అక్టోబరు, మంగళవారం రాత్రి

ఆయన రేపు ఓడ ఎక్కుతారు. వెంట ఇవ్వాల్సిన ఉప్పుకండ మొత్తం పారేశాను. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద వేసిన మాంసం ముక్కలు ముసురు వల్ల సగమే ఎండాయి. చెడిపోకూడదని డబ్బాలో పెట్టి కొత్త ఫ్రిజ్ ఫ్రీజర్‌లో దాచాను. ఇవాళ తెల్లవారుజామున లేచి చూస్తే ఫ్రిజ్ స్విచ్చి ఆపేసి ఉంది. డబ్బా అడుగున ఎర్రటి నీళ్లు, పుల్లటి వాసన.

"రోజూ నువ్వు పడుకున్నాక నానే కట్టేత్తన్నాను," అంది అత్తయ్య. "నువ్వు లేవకముందే మళ్లీ ఏత్తన్నాను. పగలంతా పని సేత్తాది గదే, రాత్రైనా దానికి రెస్టు వద్దేటి?"

రోజూ గడ్డకట్టి, రోజూ కరిగిన మాంసం! నడిసముద్రంలో ఆయనకు కడుపులో ఏమైనా అయితే? అత్తయ్య మాత్రం కడిగి వేయిద్దామంది. ఒళ్లు మండిపోయింది. ఆరేళ్లుగా ఈ ఇంట్లో పొద్దస్తమానం చాకిరీ చేస్తున్నాను, నాతో ఒక్కనాడూ ఆ రెస్టు మాట అనలేదే అనుకున్నాను.

వంటింట్లోంచి రోలు చప్పుడు వినిపిస్తోంది. ఆయనకు రేపు కట్టివ్వడానికి అత్తయ్య ఒక్కతే పచ్చడి నూరుతోంది. ఆ మాట ఆవిడతో మాత్రం ఎవరన్నారు?