నీలం సీసా, తెల్ల ట్యూబు, మామయ్యగారి ముఖం

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ అమ్మాయి భర్త భయభక్తులతో నమస్కరించి రాస్తున్నది.

పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు నాతో మాట్లాడలేదు. పెళ్ళినాడు షాపులో కొన్న సూటు వేసుకొస్తే అది ఒక టైలరుగారి గుండెకి ఎంత గుచ్చుకుంటుందో నాకు తట్టలేదు. మీ అమ్మాయి చెప్పేసరికి ఫోటోలు కూడా అయిపోయాయి. నాకు మరో విద్య రాదు. గడ్డం గీసుకున్నాక ముఖానికి ఏం రాసుకోవాలో కౌంటర్లో నిలబడి మగవాళ్ళకి చెప్పడమే నా ఉద్యోగం. కాబట్టి ఆ విద్యనే ఒక పెట్టెలో సర్ది పంపుతున్నాను.

నీలం సీసాలోది స్ప్లాష్. నీళ్ళలా ఉంటుంది, కాస్త ఘాటు. జిడ్డు చర్మానికి మంచిది. తెల్ల ట్యూబులో వెన్నలాంటి బామ్ ఉంది, అది పొడి చర్మానికి. ఆకుపచ్చ డబ్బాలో జెల్. ఊరికే కందిపోయే చర్మానికి అది చల్లగా ఉంటుంది. పెళ్ళిలో దీపాల కింద మీ నుదురు మెరవడం చూశాను. మీది జిడ్డు చర్మం. నీలం సీసాతో మొదలుపెట్టండి.

ఇట్లు,
విధేయుడు

తా.క.: సీసాలోది తాగేది కాదు. ఈ మాట కొన్నవాళ్ళందరికీ చెప్పాలని మా షాపులో రూలు. మిమ్మల్ని ప్రత్యేకంగా అన్నది కాదు.

*

సీసాలాయనకి,

పెట్టె చేరింది. ఉత్తరం చదివాను. జిడ్డు అన్న మాట దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది.

అయ్యా, పెళ్ళంతా ఒక్క మాటైనా మాట్లాడకుండా మూల కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేను. మా వీధిలో ఎండనకా వాననకా తిరిగి తిరిగి మా అమ్మాయిని ఒప్పించుకుపోయింది మీరు. ఇద్దరిలో జిడ్డు ఎవరో మా ఎదురింటి పిల్లి కూడా చెబుతుంది.

నీలం సీసా వాడడం జరిగింది. ముఖం భగ్గుమంది. కళ్ళు ధారలు కట్టాయి. ఇస్త్రీపెట్టె తీసి బుగ్గకి ఆనించినట్టు ఒక కేక లేచింది. ఆ కేకకి, కొలతలిస్తున్న పెద్దమనిషి ఊపిరి బిగబట్టి మళ్ళీ వదల్లేదు. ఇప్పుడు ఆయన కోటు ఛాతీ దగ్గర ఎటు తేలుతుందో తెలీదు. ఆ పాపం మీదే.

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: మా ఆవిడ తెల్ల ట్యూబుని పళ్ళపేస్టు అనుకుంది. నురగ రాలేదట. మధ్యాహ్నం దాకా తను ఎవర్ని తిట్టినా మంచి వాసన వచ్చింది.

*

మామయ్యగారికి రెండు చేతులూ జోడించి,

క్షమించండి. మా వృత్తిలో జిడ్డు అంటే నూనె. అంతకు మించి ఏ అర్థమూ లేదు.

అంత మంట పుట్టిందంటే ఆ చర్మం జిడ్డుది కాదు, పొడిదో సున్నితమైనదో అయ్యుండాలి. తప్పు నాదే. ముట్టుకోకుండా చూసి చెప్పకూడదు. నీలం సీసా మూత బిగించి పక్కన పెట్టండి. గీసుకోగానే చన్నీళ్ళతో కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తెల్ల ట్యూబులోంచి బఠాణీ గింజంత తీసి రాయండి. కందినట్టు అనిపిస్తే ఆకుపచ్చ జెల్ ఉండనే ఉంది.

ఇట్లు,
మీ అమ్మాయి భర్త

తా.క.: చర్మం సున్నితం అన్నానని మనసు సున్నితం అన్నట్టు అనుకోకండి. మీ మనసు సున్నితమైనది కాదని కూడా నా ఉద్దేశం కాదు. ఈ ముక్క కొట్టేద్దామనుకున్నాను, మీ అమ్మాయి ఉంచమంది.

*

రెడీమేడ్ సూటు గారికి,

బఠాణీ అన్నారు. పచ్చిదా, ఎండుదా, నానబెట్టిందా రాయలేదు. మా షాపులో దాని మీద పెద్ద చర్చ జరిగి, చివరికి నానబెట్టిందే ఖాయమైంది.

ఫలితం వినండి. ముఖం తోమిన ఇత్తడి గిన్నెలా మెరుస్తోంది. ముక్కు మీద కళ్ళజోడు నిలవదు. గుడ్డ మీద సుద్దగీత గీద్దామని వంగితే చాలు, జారి కత్తెర మీద పడుతోంది. చుబుకం మీద మొటిమలు లేచాయి. ఈ వయసులో మొటిమలేమిటని బొత్తాలమ్మే ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వి పోయింది. మీ సరుకులో నీళ్ళలాంటిది మండుతుంది, వెన్నలాంటిది కారుతుంది. మనిషన్నవాడు గడ్డం గీసుకోవాలా మానుకోవాలా?

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: ఆకుపచ్చ డబ్బా సగం ఖాళీ అయింది. బాగుందని నేను అనలేదు. ఖాళీ అయిందన్నాను.

*

మామయ్యగారూ, నమస్కారం.

డబ్బా సగమైందన్న ముక్క మీ అమ్మాయి పైకి చదివించుకుని మరీ విన్నది.

ఇప్పుడు అర్థమైంది. మీది మిశ్రమ చర్మం. నుదురు, ముక్కు, చుబుకం నూనె వదులుతాయి. బుగ్గలు ఎండిపోతాయి. ఇలాంటి ముఖానికి ఏదో ఒక్కటి రాస్తే కుదరదు, పొరలుగా వెయ్యాలి. పలచనిది ముందు, చిక్కనిది తర్వాత. కోటుకి లైనింగు లోపల, గుడ్డ పైన ఉన్నట్టే. ముందు ముఖమంతా జెల్ పలచగా రాయండి. అది ఇంకేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత బుగ్గలకి మాత్రమే బామ్ అద్దండి. స్ప్లాష్ కావాలనిపిస్తే నూనె ఉన్నచోట ఒక్క చుక్క, గాట్లు లేకపోతేనే. పైన సెంటు కొట్టకండి, రెండు వాసనలు ఒక ముఖం మీద కాపురం చెయ్యవు.

ఇట్లు,
మీ అమ్మాయి భర్త

తా.క.: నేను చెప్పినవి పొరలు. పొరపొచ్చాలు కావు. అవి ఇప్పటికే మన మధ్య చాలినన్ని ఉన్నాయి.

*

మా అమ్మాయి భర్తకి,

లైనింగు పోలిక బాగుంది. ఎవరు నేర్పారో తెలుసు. అది లంగాలు కట్టే వయసు నుంచీ నా కటింగ్ బల్ల కిందే ఆడుకుంది.

పొరలు వేశాం. వేసింది వేసినట్టు చెబుతున్నా. బుగ్గలు పొట్టు రాలి, నల్లకోటు భుజాల మీద సున్నం జల్లినట్టు పడింది. అదే రోజు ముక్కు మీంచి నూనె కారింది. అదే రోజు మెడ మిరపపండులా కందింది. సెంటు వద్దన్నావు కానీ ఆ మాట చదివేలోపే కొట్టడం అయిపోయింది. ప్యాంటు పొడుగు సరిచేయించుకోవడానికి వచ్చినాయన గుమ్మంలోనే తుమ్మి, "టైలరు షాపుకనే వచ్చానండీ, పూలకొట్లోకి దూరానేంటి?" అని వెనక్కి తిరిగాడు. వెంటపడి తెచ్చుకున్నాం.

నీ పుస్తకాలు సరిగ్గా చూసి రాయి. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: పొద్దున ఎరుపు, మధ్యాహ్నం జిడ్డు, సాయంత్రం పొట్టు. దీన్ని ఏ చర్మం అంటారో?

*

మామయ్యగారికి, కంగారుగా,

పుస్తకాలన్నీ చూశాను. దాన్ని ఏ చర్మమూ అనరు. మా షాపు పైఅంతస్తులో చర్మవ్యాధుల డాక్టరుగారు ఉన్నారు. మీ ఉత్తరం చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, "ఒక ముఖం ఒక్కరోజులో ఇన్ని వేషాలు వెయ్యదు. వేస్తోందంటే నేను చూడాల్సిందే. ముందు ఫోటో తెప్పించండి" అన్నారు. దయచేసి వెలుతురులో నిలబడి ఫోటో తీయించి వెంటనే పంపండి. అన్నీ మానేయండి. ఉత్త నీళ్ళు చాలు.

మీ అమ్మాయి ఏడుస్తోంది. "మా నాన్న ముఖం పాడుచేశావు" అని నాతో మాటలు మానేసింది. మీ ఇంట్లో మీరు మాట్లాడరు, మా ఇంట్లో తను మాట్లాడదు. కౌంటర్లో కొనుగోలుదార్లతో తప్ప నాకు మాటల్లేవు, వాళ్ళతోనూ ధైర్యంగా ఏమీ చెప్పలేకపోతున్నాను.

ఇట్లు,
ఏం తోచని,
మీ అమ్మాయి భర్త

తా.క.: మీ అమ్మాయి ఇప్పుడే మాట్లాడింది. "పక్కకి జరుగు, సూట్‌కేసు తియ్యాలి" అంది.

*

అల్లుడూ,

ముందు ఆ సూట్‌కేసు దించించు. ఫోటో జతచేశాను. ఎడమ నుంచి చూడు. ఎర్రగా కందినాయన మా ఇస్త్రీ ఆయన. మెరిసిపోతూ కళ్ళజోడు పట్టుకున్నది కటింగ్ ఆయన. పొట్టు రాలుతున్నది కాజాలు కుట్టే పెద్దాయన. నా ముఖం అని నేనెక్కడైనా రాశానా? ఉత్తరాలు తిరగేసి చూసుకో.

మధ్యలో గుబురు చూసి జడుసుకోకు. అది నేను.

మీ పెళ్ళినాడు అందరి ముందూ, "ఆ సూటువాణ్ణి అల్లుడూ అని పిలిచిన రోజే గడ్డం తీస్తాను" అనేశాను. మీరిద్దరూ అప్పటికే బస్సెక్కేశారు. ఫోన్లో చెప్పకుండా మీ అత్త చేత ఒట్టు వేయించుకున్నాను. నీ పెట్టె వస్తే, ఎవరో చెబితే విని నన్ను వెక్కిరిస్తున్నావనుకున్నాను. ఆ కోపంలోనే నీలం సీసా ఇస్త్రీ ఆయన చేతిలో పెట్టాను. అతని కేక విన్నాక నీకు రాయకుండా ఉండలేకపోయాను. నువ్వు జవాబు రాశావు. ఆ జవాబుకి ఇంకొక ముఖం కావలసి వచ్చింది.

నువ్వు చెప్పినవి ఒక్కొక్కటీ సరైనవే. తప్పుడు ముఖాలకి రాశాం, అంతే. ఇప్పుడు స్ప్లాష్ కటింగ్ ఆయనకి, బామ్ కాజాలాయనకి, జెల్ ఇస్త్రీ ఆయనకి పంచాను. ముగ్గురూ పెళ్ళికొడుకుల్లా ఉన్నారు. ట్రయల్ గది అద్దం ఖాళీ ఉండట్లేదు. "మాస్టారూ, మీది ఏ చర్మం?" అని వాళ్ళడుగుతుంటే ఏం చెప్పను? ఈ పొద కింద ఏముందో నాకే గుర్తులేదు. నీ ఉత్తరం రాని రోజుల్లో మిషను తొక్కబుద్ధి కావట్లేదు, అది మాత్రం తెలుసు.

పైన రాసిన మొదటి మాట చూశావుగా. ఇక గడ్డం తియ్యాలి. శనివారం వస్తున్నాం. మొదటి గీత నీ చేత్తోనే గియ్యి. ఆ తర్వాత ఏది రాయాలో ముట్టుకుని చూసి మరీ చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య

తా.క. (ఇది అత్తయ్య రాస్తున్నది): అల్లుడుగారూ, పిలిచిన రోజే అన్నారు గాని, కాగితం మీద రాసి తప్పించుకుందామని చూశారు. పైకి చదవమన్నాను. మొదటి మాట దగ్గరే ఆగి కళ్ళు తుడుచుకున్నారు. అదేమంటే నీలం సీసా ఘాటట. దాని మూత పెట్టే ఉంది. అమ్మాయితో వాళ్ళ నాన్న ముఖం బాగానే ఉందని చెప్పండి, ఫోటో మాత్రం చూపించకండి. శనివారం తలుపు దాని చేతే తీయించండి. ఈయన్ని ముందు నిలబెట్టి నేను వెనక దాక్కుంటాను. కన్నకూతురు ఆయన్ని ఎగాదిగా చూసి, "చిల్లర లేదు, పై ఇల్లు చూసుకో తాతా" అంటుంటే నా చెవులారా వినాలని ఉంది.