ఫోన్ మోగితే అమ్మ చీర కట్టుకునేది

శనివారం, వాకాడు

రేపు చర్చిలో అమ్మ జ్ఞాపకార్థ కూడిక. "మిలిటరీ ఆయన భార్య, మిలిటరీ కొడుకు తల్లి. ఎంత ధైర్యంగా బతికిందో నువ్వే చెప్పాలమ్మా," అన్నారు పాస్టరు గారు. ఏం చెప్పను? నాన్న సరిహద్దులో ఉన్న రోజుల్లో తెలియని నంబరు మోగితే, అమ్మ ముందు నైటీ మార్చి చీర కట్టుకునేది. ఆ తర్వాతే ఫోనెత్తేది.

"చెడ్డ కబురైతే ఊరంతా వచ్చేస్తారు గదా. అప్పుడెట్టా మార్చుకునేది?" అనేది.

తమ్ముడు సైన్యంలో చేరాక కూడా అంతే. నేను నవ్వేదాన్ని.

వాడు మాట్లాడి నాలుగు రోజులైంది. ఈ సాయంత్రం ఏదో కొత్త నంబరు మోగి మోగి ఆగింది. అప్పటికి నేను అద్దం ముందు కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను.

తిరిగి చేస్తే స్విచాఫ్. చీర ఇంకా మార్చుకోలేదు.