నాన్న డిస్క్ ఖాళీ కాదు

కిజ్జా,

టేబుల్ మీదున్న నాన్న డిస్క్‌ను ఫార్మాట్ చేశావో, నీ వీపు విమానం మోత మోగిస్తా. నిన్న "ఖాళీదే అక్కా, మ్యాచ్‌లు ఎక్కించుకుంటా" అన్నావే, నీ మొహం! నాన్న నెట్ సెంటర్ నడిపినన్నాళ్ళూ కంప్యూటర్లలో బీఎస్‌డీ సిస్టమ్ తప్ప ఇంకోటి వాడాడా? ఆయన డిస్క్‌లో చేసిన అరలు నీ లినక్స్‌కు వాటంతట అవి తెరుచుకోవు. దానికి చదవడం రాక ఖాళీ అంటే, నువ్వూ తలూపడమేనా?

పొద్దున నేను తెరిచాను. మౌంట్ చేసి తెరిచేటప్పుడు ఫైల్ సిస్టమ్ రకం యూఎఫ్‌ఎస్ అని చెప్పు. అందులోనూ యూఎఫ్‌ఎస్2 అని విడిగా చెప్పకపోతే మొరాయిస్తుంది. చదవడానికి మాత్రమే అని పెట్టు. దానిమీద ఒక్క అక్షరం కూడా రాయకు.

నేను ఎంటెబ్బే వెళ్తున్నా, సాయంత్రం వస్తా. అరటాకులో చుట్టి ఉడికించిన అరటికాయ ముద్ద, మటోకే, పొయ్యి పక్కనుంది. నీమీద కోపంతో వండాను. ఉప్పెక్కువైతే నోరు మూసుకుని తిను.

నస్సూనా అక్క

తిన్నాకే డిస్క్ తెరువు. పోయేముందు నాన్న తన గొంతు రికార్డు చేసి అందులో పెట్టాడు. మొదటి మాటే, "కిజ్జా, తిన్నావురా?" అని. నేను అక్కడే ఆపేశాను.