మిద్దె ఎత్తు కొలిచి రాయి

బెంగుళూరు
12-6-1978

చి.సౌ. ఆంజినమ్మకు, నేను క్షేమం. చీర అంచులో పూలూ లతలూ తేల్చే జకార్డు మిషను ఇంకా కొనలేదు.

దుకాణంలో హిందూపురం మేస్త్రీ ఒకాయన రెండు రకాలు చూపించాడు. నూటఇరవై కొక్కేలది చిన్న అంచుకు, రెండువందల నలభైది పెద్ద అంచుకు. పెద్దదే కావాలని గొప్పగా అన్నాను.

"అది మగ్గం మీద కూర్చునేది కదప్పా, మీ మిద్దె ఎత్తెంత ఉండాది?" అన్నాడు. ఇంతుంటుందేమో అని చెయ్యెత్తి చూపించాను.

"ఇల్లు కొల్చుకోకుండానే వచ్చినావా?" అంటే అక్కడున్న నేతగాళ్లంతా నావైపు చూశారు. తల దించుకున్నాను.

ఆ కొలతలన్నీ నువ్వు రాసిచ్చిన కాగితంలో ఉన్నాయి. బస్సు దగ్గర నలుగురిలో "మిషన్ల సంగతి నీకేం తెలుసే" అని దాన్ని చించి పారేసింది నేనే. పన్నెండేళ్లుగా నా పక్కన కూర్చుని అంచు నేస్తున్నదానివి.

మగ్గం దగ్గర నేల నుంచి దూలం దాకా మళ్లీ కొలిచి, వెనుకవైపు రాసిన చిరునామాకు పంపు. ఏది కొనాలో కూడా నువ్వే రాయి. జాబు అందేదాకా ఇక్కడే ఉంటాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బోరింగులో నీళ్లు వస్తున్నాయా? పిల్లలకు దీవెనలు.

నలుగురిలో అన్న మాట కాబట్టి కవరు కొనకుండా కార్డే రాశాను. పోస్టుమ్యాన్ చదివినా, వీధిలో చెప్పినా సరే. తప్పు నాది.

కదిరప్ప