ముందు కేసులు: లేవు

నాగర్‌కర్నూల్,
ఆదివారం.

అమ్మకు ఉమారాణి దండాలు. ఇక్కడ నేను, పిల్లలు బాగానే ఉన్నాం. అయిజలో నీ మోకాళ్లు నీ మాట వింటున్నాయని తలుస్తాను.

గోపితో పంపిన పల్లీలు, ఉత్తరం అందాయి. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

"అన్న కాగితం మీ ఆఫీసుకే వచ్చిందంట గద, జర మంచిగ రాయి బిడ్డా" అన్నావు. సొంత అన్న గురించి నేను రాయకూడదు. సుదర్శన్ అన్నను శిక్ష పూర్తికాకముందే విడవచ్చా అని విచారించేది నాతో పనిచేసే శ్రవణ్ కుమార్.

"ఏడేండ్లాయె, జైల్ల రోజూ ఏడుస్తుండు, ఇంక గట్ల చేస్తడా?" అనీ అడిగావు. పిల్లల మీద చెయ్యి వేసినవాళ్లు మళ్లీ వేస్తారా అని అంచనా కట్టడమే పదేళ్లుగా నా పని. ఏడుపును మేం లెక్కలోకి తీసుకోం. వయసెంత, తాగుతాడా, ఎవరింట్లో ఉంటాడు, ఇంతకుముందు చేశాడా, ఇవి చూస్తాం. చాలామంది మళ్లీ చేయరు, అదీ నిజమే. ఇంతకుముందే చేసినవాడితోనే భయం ఎక్కువ. అన్న ఫారంలో 'ముందు కేసులు: లేవు' అని ఉంది. దాంతో ప్రమాదం తక్కువని తేలింది.

కేసు లేదు, పంచాయితీ ఉంది. ఇరవై రెండేళ్ల కింద అన్న పక్కింటి పిల్ల మీద చెయ్యి వేస్తే, మన అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని, "పోలీసులెందుకు, పిల్ల బతుకు ఆగమైతది" అని ఆ పిల్ల తల్లి బాలనాగమ్మను ఒప్పించారు. నా రాత బాగుంటుందని రాజీ కాగితం నాతో రాయించారు. అప్పుడు నేను పదో తరగతి. ఆ పిల్ల పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. తప్పుల్లేవని ఒకాయన మెచ్చుకుంటే నాకు గర్వంగా అనిపించిందమ్మా. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

పోయిన నెల చీర కావాలని నీ పెట్టె తెరిచాను గదా, అప్పుడు ఆ కాగితం తెచ్చుకున్నాను. మంగళవారం శ్రవణ్ కుమార్‌కు ఇచ్చాను.

"మేడం, ఇది పెడితే మీ అన్న బయటికి రాడు, తెల్సు గద?" అన్నాడు.

తెలుసన్నాను.

వచ్చే వారం ఆయన నీ దగ్గరికి వస్తాడు. ఆ పిల్లను ఇప్పుడు మళ్లీ అడగొద్దని బతిమాలాను. సంతకాలు పెట్టిన పెద్దలు ఒక్కరూ మిగల్లేదు, బాలనాగమ్మా లేదు, నా మాట ఒక్కటే చాలదు. ఇది నిజంగా జరిగిందా అని నిన్నే అడుగుతాడు. లేదన్నావంటే అన్న నీ ఇంటికే వస్తాడు. బాలనాగమ్మ మనవరాలికి ఇప్పుడు ఏడేళ్లు.

ఇట్లు,
నువ్వు కాదన్నా నీ బిడ్డే అయిన
ఉమారాణి