ఆదివారం పావుగంట

శంషాబాద్,
12 ఆగస్టు 2012.

మా వారికి ప్రేమలత నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మా నేనూ బాగున్నాం. ఆ కొండల్లో, వానల్లో మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. మీ రోడ్డు పనుల క్యాంపుకు ఫోను కలవడం లేదు కనుక అన్నీ ఇందులోనే రాస్తున్నాను.

మీ ఉత్తరం, కారు అమ్మేయమని మీరు సంతకాలు పెట్టి పంపిన కాగితాలు శుక్రవారం అందాయి. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అత్తమ్మ మోకాలినొప్పి తగ్గింది. దాని గురించి చెప్పడం మాత్రం తగ్గలేదు. వంటింటి కప్పు కారడం లేదు. ఇక బండి సంగతి. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం ఎందుకు వెలిగింది, ఎవరి చేతికైనా ఇచ్చావా అని రెండుసార్లు అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు. మీరు చెప్పి వెళ్లినట్టే ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం వాకిట్లోనే స్టార్టు చేసి, పావుగంట ఆడించి, ఆపి, కవరు కప్పుతూ వచ్చాను.

మైలార్‌దేవ్‌పల్లి మెకానిక్ బుచ్చయ్య ఇంటికొచ్చి లోపం చూపే మిషను తగిలిస్తే, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోలో ఒత్తిడి తక్కువని కోడ్ వచ్చింది. ఒత్తిడి కొలిచే సెన్సర్ మార్చాడు. వాకిట్లోనే గట్టిగా ఆడించి చూసేసరికి మళ్లీ దీపం, మళ్లీ అదే కోడ్. గాలి గొట్టాలన్నీ తడిమి చూశాడు, ఎక్కడా చిరగలేదు. చివరికి మన అరుగు మీద కూర్చుని అడిగాడు.

“అక్కా, గీ బండి రోడ్డు మీద ఎప్పుడు ఉరికింది?”

“ఆయన పోయినంక ఉరకలే. వాకిట్లనే ఆడిస్తున్న.”

“గదే రోగం. నిలబెట్టి ఆడిస్తె మసి పడుతది. టర్బో లోపలి రెక్కలు మసికి ఇరుక్కున్నయి. గాలి తక్కువుందని మిషను చెప్తది గని ఎందుకో చెప్పదు. రింగు రోడ్డెక్కి గచ్చిబౌలి దాక జర గట్టిగ లాగనియ్యాలె.”

ఇప్పుడు దాచిన మాట. బుచ్చయ్య తాళం అడిగితే నేను ఇవ్వలేదు. నేనే నడిపాను. పోయిన ఏడు మీరు సెలవుకు రాకముందే డ్రైవింగ్ నేర్చుకున్నాను. మీరు ఇంట్లో ఉన్న నెలరోజులూ నా లైసెన్సు బియ్యం డబ్బాలో ఉంది. చెబితే “నీకెందుకు ఆ కష్టం” అంటారు.

పక్కన బుచ్చయ్య, వెనక అత్తమ్మ. మూడో గేరులోనే ఉంచి తొక్కమన్నాడు. మొదట బండి ముక్కింది, వెనక నల్లటి పొగ. రింగు రోడ్డు మీద అప్పా జంక్షన్ దాటాక ఒక్కసారిగా ముందుకు లాగింది. “రెక్కలు ఇడిసినయి” అన్నాడు బుచ్చయ్య. అత్తమ్మ ముందుకు వంగి, “గింత జోరు బండిని మావోడు గిన్నొద్దులు ఎడ్లబండి లెక్క నడిపిండా?” అంది. ఇంటికొచ్చాక బుచ్చయ్య మిషనుతో కోడ్ తుడిచేశాడు. అప్పటినుంచి పది రోజులుగా రోజూ నడుపుతున్నాను. దీపం మళ్లీ వెలగలేదు.

మీరు ప్రేమతోనే బండిని కదలనివ్వలేదని నాకు తెలుసు. నన్నూ ఆ ప్రేమతోనే గడప దాటనివ్వలేదు. కోపం లేదు. ఉన్నదేదో రింగు రోడ్డు మీద కొంత పోయింది.

మీరు సంతకాలు పెట్టిన కాగితాలు ఈ కవర్లోనే తిప్పి పంపుతున్నాను. బండి అమ్మను. డిసెంబరు సెలవుకు విమానంలో వస్తానన్నారు కదా. దిగాక ఆటో మాట్లాడకండి, బయట నిలబడండి. నేను వస్తాను. మీరు పక్క సీట్లో కూర్చోవాలి.

ఇట్లు,
మీ ఇంటిది,
ప్రేమలత